చప్పుడు లేని బస్సు

చప్పుడును పట్టుకోవడానికి మైకులు తెచ్చేవాళ్ళను లోకం చూసింది. చప్పుడు లేకపోవడాన్ని పట్టుకుంటామని మైకు తెచ్చినవాళ్ళను మాత్రం ఆ డిపో ఆ రోజే చూసింది. టీవీ అమ్మాయి ఓ పొడుగాటి కర్రకు బొచ్చు మైకు కట్టించి గేటు పక్కన పట్టించింది. బ్యాటరీ బస్సు గేటు దాటుతుంటే టైరు కింద ఇసుక నలిగే సవ్వడి తప్ప ఇంకేదీ వినపడకూడదట. ఆ నిశ్శబ్దాన్ని ఇంటింటికీ వినిపిస్తుందట.

"అంకుల్, హారన్ మాత్రం కొట్టొద్దు," అని డ్రైవరు కిటికీ కిందికొచ్చి మరీ చెప్పింది. "హారన్ పడితే షాట్ మొత్తం పోతుంది."

సీట్లో ఉన్నాయన తలూపాడు. ఆయన్ను డిపోలో మెత్తకాలు అంటారు. ఆయన బ్రేకు తొక్కితే నిలబడ్డవాడు పక్కవాడి మీద పడడు. గేరు మారిస్తే ఒళ్ళో పసిబిడ్డ కళ్ళు తెరవదు. అందుకే కొత్త బస్సుకు మొదటి డ్రైవరుగా ఆయన్ను ఏరారు. ఏరారు గానీ నేర్పలేదు. నేర్పడానికి పెట్టుకున్న రోజులన్నీ రంగులకీ రిబ్బన్లకీ పోయాయి. రావలసిన పెద్దమనిషికి తీరిక ముందే దొరికిందని ప్రారంభాన్ని ముందుకు జరిపారు. యార్డులో ఓ చుట్టు తిప్పించారు, ఆ చుట్టు కూడా కెమెరా కోసమే. కంపెనీ నుంచి వచ్చిన ట్రైనరు, మంచి నవ్వుమొహం కుర్రాడు, స్కూటరు కంటే తేలికని చెప్పి భుజం తట్టాడు. అక్కడికి చదువు అయిపోయింది.

టీవీ అయితే చాలా రోజులుగా పూనకంలో ఉంది. పొగకు నూకలు చెల్లాయన్నారు. ఆయిల్ బంకులు ఇక గోళీలాడుకోవడానికే అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. టికెట్టు సగానికి పడిపోతుందని టీకొట్టువాడు లెక్కలు కట్టాడు. ఆయాసం తగ్గిపోతుందని ఎదురింటి పెద్దాయన మందులు కొనడం మానేశాడు. మెత్తకాలు భార్య బట్టలు కుట్టే చోట పక్క మిషన్ ఆవిడ, ఆ బస్సుకు బ్రేకులతో పని లేదటగా, తనంతట తనే ఆగుతుందటగా అని అడిగింది. మా ఆయన ఉన్నాడుగా ఆపడానికి అని ఈవిడ నవ్వింది.

ఆ గేటు దగ్గర ఓ మనిషి ఉంటాడు. పుట్టుగుడ్డి. స్టూలు మీద కూర్చుని పళ్ళెంలో దువ్వెనలు, చేతిరుమాళ్ళు పెట్టి అమ్ముతాడు. డ్రైవర్లందరికీ ఆయన గేటుబావ, ఆయనకు డ్రైవర్లందరూ బావలే. బండి చప్పుడును బట్టి మనిషిని గుర్తుపట్టి, నీ బండికి దగ్గు తగిలింది బావా, కషాయం పట్టించు అని ఎగతాళి చేస్తాడు. గేటు ఇరుకు. అందుకని డిపోలోంచి బయటికొచ్చే ప్రతి డ్రైవరూ అక్కడ బండి ఆపి, క్లచ్ నొక్కి, న్యూట్రల్‌లో పెట్టి, యాక్సిలరేటరు నొక్కి ఓసారి రేజ్ ఇస్తాడు. బండి కదలదు, ఇంజను మాత్రం గుర్రుమంటుంది. అది పలకరింపూ అవుతుంది, జాగ్రత్త చెప్పడమూ అవుతుంది. బావ స్టూలు వెనక్కి లాక్కుని చెయ్యెత్తుతాడు. అప్పుడు బండి కదులుతుంది. ఇది ఏ రూల్లోనూ లేదు. కానీ కొత్తగా చేరిన డ్రైవరుకు సీనియర్లు మొదట నేర్పేది ఇదే.

ఆ ఉదయం టీవీవాళ్ళకు బావ స్టూలు అడ్డొచ్చింది. ఫ్రేములో దువ్వెనలేంటని స్టూలునీ పళ్ళేన్నీ ఎత్తి గేటు అవతల పెట్టించారు. ఆయన్ను జనంలోకి నడిపించి, ఇక్కడే ఉండు పెద్దాయనా, బస్సు రావడానికి ఇంకా టైముంది అని వదిలేశారు. ఆయన ఉంటాడా. బతుకుతెరువు ఎక్కడ పెట్టారో అని చేతికర్రతో నేల తడుముకుంటూ బయల్దేరాడు.

మెత్తకాలు బస్సును గేటు ముందుకు తెచ్చి బ్రేకు మీద ఆపాడు. వెనక సీట్లలో పెద్దమనుషులు, వాళ్ళ సెంటు వాసన. ఎదురుగా బంపరుకు బారెడు దూరంలో గేటుబావ. వీపు ఇటు. జనం చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లు దేనికో బావకు తెలియదు. వచ్చేది ఏదైనా చప్పుడు చేస్తుందని ఆయన ధీమా.

హారన్ మీదికి పోయిన చెయ్యి వెనక్కొచ్చింది. మరి బావకు చెప్పేదెలా అన్న ప్రశ్న తలదాకా రాలేదు. తలదాకా వచ్చే పనైతే బాగుండేది. అది కాలి పని. ఆ గేటు దగ్గర ఇన్నేళ్ళుగా ఏం చేస్తోందో కాలు అదే చేసింది. ఎడమకాలు క్లచ్ కోసం వెతికింది. ఈ బస్సుకు క్లచ్ లేదు, ఉత్త నేల తగిలింది. కుడికాలు బ్రేకు వదిలి పక్క పెడల్‌ను ఒక్క నొక్కు నొక్కింది, రేజ్ ఇవ్వడానికి.

డీజిలు బండి గుర్రుమనేది. ఇది గుర్రుమనలేదు. దూకింది.

ఆయన బ్రేకు తొక్కేసరికి ఏదో మెత్తగా, తర్వాత ఏదో గట్టిగా చక్రం కింద తగిలింది. ముందువరస వాళ్ళు కేక వేశారు. వెనకవరసలకు ఏం కనపడలేదు కాబట్టి అక్కడ చప్పట్లు ఆగలేదు. మెత్తకాలు దిగి బంపరు కింద చేతులు పెట్టి ఎత్తబోయాడు, బస్సును ఎత్తగలిగినట్టు. కింద బావ మొహంలో ఇంకా నొప్పి రాలేదు, ఆశ్చర్యమే ఉంది.

"ఎవరు తోసింది?" అని అడిగాడు బావ. "బావా, నన్నెవరో తోశారు. బస్సొచ్చే టైమైంది, నన్ను పక్కకు లాగండి."

కర్రకు కట్టిన మైకు ఆ మాట కూడా పట్టుకునే ఉంటుంది. ఏ ఇంట్లోనూ వినిపించలేదు.

మోకాలి కింద కాలు తీసేశారు. ఆ కబురు విన్నప్పటినుంచీ మెత్తకాలు ఆసుపత్రి మెట్ల దాకా పోవడం, వెనక్కి రావడం. మర్నాడు పొద్దున ఎదురుగా ఉన్న టీకొట్టులో కూలబడ్డాడు.  కొట్టులో గోడమీది టీవీలో తన బస్సే తిరుగుతోంది. గేటు దగ్గరి ముక్క కోసేసి యార్డు చుట్టు చూపిస్తున్నారు. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి: ప్రారంభోత్సవంలో స్వల్ప తొక్కిసలాట, ఒకరికి గాయం.

తర్వాత గేటుబావ మొహం వచ్చింది.

మెత్తకాలు లేచి నిలబడ్డాడు. తెర మీద బావ మెడ దాకానే ఉన్నాడు. జుట్టు ఎవరో దువ్వారు. వెనక గోడకు కంపెనీ బొమ్మ ఆనించారు. టీవీ అమ్మాయి గొంతు తేనెలా అడుగుతోంది.

"ఏ బస్సు వచ్చినా చప్పుడును బట్టి చెప్పేస్తారట కదా. ఈ బస్సు వినపడిందా?"

"లేదమ్మా. ఏమీ వినపడలేదు."

"అస్సలు?"

"అస్సలు."

ఆ చెవులకే అందని నిశ్శబ్దం, అని పెద్ద అక్షరాలు పడ్డాయి. వెనకాల సంగీతం. బస్సు, ఆకుపచ్చ కొమ్మ, మళ్ళీ బావ మొహం, అస్సలు, అస్సలు. గాయపడ్డ ఒకరు, వినపడలేదన్న ఆయన ఒకే మనిషని చూసేవాడికి తెలిసే దారే లేదు. ఇద్దరిని చేసేశారు. ఒకణ్ణి కింద అక్షరాల్లో పాతేశారు, ఇంకొకణ్ణి పైన ఊరేగిస్తున్నారు.

గుడ్డాయన సర్టిఫికెట్టు ఇచ్చాక ఇక తిరుగేముంది అన్నాడు బల్ల మీదున్న ఒకాయన. ఇంకొకడు మెత్తకాలును పోల్చుకుని, మీరేగదండీ నడిపింది, ఓ ఫోటో తీసుకుందాం అని పక్కకొచ్చి నవ్వు మొహం పెట్టాడు. టీకొట్టువాడు మీ దగ్గర డబ్బులేంటండీ అన్నాడు. మెత్తకాలు చేతిలో గ్లాసు ఒరిగి వేడి టీ కాళ్ళ మీద పడింది. కాలింది కూడా ఆయనకు తెలియలేదు.

అక్కణ్ణుంచి నేరుగా డిపో మేనేజరు గదికి పోయాడు. నిలబడే చెప్పాడు. తొక్కిసలాట కాదు, నా కాలు సార్, రేజ్ ఇద్దామని నొక్కాను, నాకు నేర్పలేదు, హారన్ వద్దన్నారు, అని మాటలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే చెప్పాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. లేచి తలుపు వేసి వచ్చి కుర్చీ చూపించాడు.

"నిన్నెవరైనా అడిగారా?"

"లేదు సార్."

"అడగనప్పుడు చెప్పడం దేనికి? నువ్వీ మాట బయట అన్నావనుకో. తప్పు బస్సుది కాదు డ్రైవరుదని కంపెనీ అంటుంది. నువ్వు ఇంటికి పోతావు. బస్సు రోడ్డు మీదే ఉంటుంది. ఇందులో నీకు నచ్చిందేమిటో చెప్పు, వింటాను."

"మిగతా డ్రైవర్లవీ ఇవే కాళ్ళు కదా సార్. ఇంకా బస్సులొస్తున్నాయి."

 కొత్త బస్సులు పూర్తిగా వచ్చేశాక నేర్పే సంగతి పైకి రాసి పంపుతానన్నాడు మేనేజరు. వచ్చేదాకా మాట్లాడకూడదు, వచ్చాక మాట్లాడి లాభం లేదు. పై నుంచి కింద దాకా వాళ్ళ తెలివంతా అదే.

ఇంట్లో భార్య ఆయన ముందు పళ్ళెం పెట్టి, ఆయన కెలుకుతుంటే చూస్తూ కూర్చుంది. పొద్దున్నుంచీ ఇరుగుపొరుగు వచ్చి అభినందించి పోతున్నారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. జరిగింది మొదటి రోజే ఆమెకు చెప్పేశాడు. చెబితే ముద్ద పోతుంది, చెప్పకపోతే ముద్ద దిగదు, ఏదో ఒకటి తేల్చుకోండి, ఇలా కెలకొద్దు అంది.

మర్నాడు మెట్లెక్కాడు.

వార్డు చివరి మంచం. గేటుబావకు దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. ఒక పక్క దుప్పటి ఉబ్బెత్తుగా పాదం దాకా ఉంది, రెండో పక్క మధ్యలోనే చదునైపోయింది. ఆ చదును మీదినుంచి మెత్తకాలు చూపు తిప్పుకోలేకపోయాడు. పక్కన బావ వాళ్ళక్క. ఇస్త్రీ పని చేస్తుంది, వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. తమ్ముడూ వచ్చావా అని స్టూలు జరిపింది. ఆ ఆప్యాయత గూబ మీద కొట్టినట్టు తగిలింది.

ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. తోసింది ఎవరూ కాదు, బస్సే, బస్సు తనంతట తను రాలేదు, నా కాలే, అని చెప్పాడు. అక్క చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది.

 బావ తల ఇటు తిప్పాడు.

"రేజ్ ఇచ్చావా? నాకోసం?"

"నీకోసమే."

"చప్పుడు రావాల్సిన చోట బస్సొచ్చింది," అన్నాడు బావ. నవ్వబోయాడు, నొప్పి అడ్డొచ్చింది. "ఇంకెవరికన్నా చెప్పావా?"

మేనేజరుకు చెప్పాననీ, బయట అనొద్దన్నాడనీ చెప్పాడు మెత్తకాలు.

"మంచిదే. ఇంకెవరికీ చెప్పకు బావా."

తను సరిగా విన్నాడో లేదో మెత్తకాలుకు తెలియలేదు. అక్క మెల్లగా విడమరిచింది. కొత్త బస్టాండులో కంపెనీ వాళ్ళు తన తమ్ముడికి ఓ కొట్టు ఇస్తామన్నారు. పైన వాడి బొమ్మ పెడతారట. నీడపట్టున కూర్చుంటాడు. రేపు నువ్వేదో అంటే, టీవీ ఏదో తిప్పితే, వాళ్ళు వెనక్కి పోతారు. చెప్పడం అయ్యాక ఆమె చెంచాను గిన్నెలో పెట్టి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "నీకు దండం పెడతాను తమ్ముడూ. కాలు ఎటూ రాదు. కొట్టన్నా రానీ."

నిజం చెప్పి తిట్లు తిందామని వచ్చాడు. తిడితే బరువు దిగేది. వీళ్ళేమో నిజాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, దాచమంటున్నారు. సరేనని బావ చేతిలో చెయ్యి వేశాడు. వేసి, బయటికొచ్చి, మెట్ల మీద కూలబడ్డాడు.

ఆ మాట ఓ పూటకు మించి నిలబడలేదు.

మధ్యాహ్నం డిపోకి పోయేసరికి కొత్త బస్సులు యార్డులో వరసగా ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. మర్నాడు ఊళ్ళోకి దింపుతారు. డిపోలో ఒకే ఒక్క ఆడ డ్రైవరు ఉంది, అందరూ చెల్లెమ్మ అంటారు. మొదటి బండిలో ఆమెను కూర్చోబెట్టి కెమెరా తిప్పుతున్నారు. తలుపు తెరిచి ఉంది. మెత్తకాలు కళ్ళు ఆమె మొహం మీద లేవు. ఆమె ఎడమకాలు కింద అటూఇటూ తడుముతోంది, చీకట్లో చెప్పు కోసం తడిమినట్టు. క్లచ్ కోసం. ఆమె నవ్వుతూ చెయ్యూపుతోంది, కాలు వెతుకుతూనే ఉంది.

 బస్సు ముందు చీపురుతో ఊడ్చే మనిషి వంగి ఉంది. మెత్తకాలు పరిగెత్తుకెళ్ళి ఆమెను రెక్క పట్టి పక్కకు లాగాడు. షాట్ పాడైందని కెమెరావాడు అరిచాడు.

టీ వేళకు డ్రైవర్లందరూ రెస్టు గదిలో చేరారు. ట్రైనరు కూడా ఓ మూల నిలబడి టీ తాగుతున్నాడు. మెత్తకాలు తలుపు దగ్గర నిలబడి చెప్పేశాడు. మొదటినుంచి చివరిదాకా, కాలు ఆడించి చూపిస్తూ చెప్పాడు. కొట్టు సంగతీ చెప్పాడు, మాట ఇచ్చిన సంగతీ చెప్పాడు.  తిడతారనుకున్నాడు. నీ మెత్తకాలు మీద మన్ను పొయ్యా అని ఎవరో ఒకరు అంటారనుకున్నాడు.

"నిన్న నాకూ దూకిందన్నా," అంది చెల్లెమ్మ నేల చూస్తూ. "ముందెవరూ లేరు. ఆడదాన్ని ఎక్కిస్తే ఇంతే అంటారని ఎవరికీ చెప్పలేదు."

గోడవారన మీసాలాయన మెత్తకాలు వైపు తిరిగాడు. డిపోలో అందరికంటే పాతకాపు. "నీకంటే ముందు నన్ను ఎక్కించి చూశారు. నీకు తెలియదు. షెడ్డు గోడ దాకా ఉరికింది. ముసలోడివి పనికిరావంటారని నోరు మూసుకున్నా. ఆ ఉరుకు చూసే నన్ను తీసి నిన్ను పెట్టారు."

 ఆ ఒక్కమాట అప్పుడే అని ఉంటే బావ ఇవాళ గేటు దగ్గర దువ్వెనలు అమ్ముకుంటూ ఉండేవాడు. మెత్తకాలుకు ఆ మాట పైకి అనక్కర్లేకపోయింది. మీసాలాయన గ్లాసు కింద పెట్టి తల దించుకున్నాడు.

అప్పుడు ట్రైనరు మూలనుంచి ముందుకొచ్చాడు. వాళ్ళను ఓదార్చడానికే వచ్చాడు పాపం.

"మీరంతా ఇంత మనసుకు తీసుకోవద్దు సార్," అన్నాడు. "ఇది మీ ఒక్క డిపోలోనే కాదు. ఎక్కడ దింపినా మొదట్లో ఒకరిద్దరు నొక్కుతారు. డీజిలు కాళ్ళు కదా. మా ఆఫీసులో అది లెక్కలో ఉన్నదే. కొన్నాళ్ళకు కాలు అలవాటు పడిపోతుంది."

 ఆ కుర్రాడు ఇంకా నవ్వుమొహంతోనే ఉన్నాడు. తనేం అన్నాడో తనకు తెలియదు.

"లెక్కలో ఉందా?" అన్నాడు మెత్తకాలు. 

ఉంది సార్, మామూలే, అన్నాడు ట్రైనరు.

అంటే పొరపాటు కాదన్నమాట. ప్రతి ఊళ్ళోనూ ఒక గేటుబావ ఖర్చు రాసిపెట్టే ఉందన్నమాట. పేరు తెలియదు అంతే. పొగ మంచిదని ఆ గదిలో ఎవడూ అనడు. ఆ పొగ మింగీ మింగీ దగ్గేది వాళ్ళే. కొత్త బండి రావద్దని ఎవడన్నాడు? నేర్పడానికి కొన్నాళ్ళు ఆగితే ఏం మునిగింది? మునిగేది టీవీలో ముహూర్తం.

మీసాలాయన ముందు లేచాడు. మర్నాడు దింపాల్సిన బస్సు తన పేరు మీద ఉంది. నేర్పేదాకా దాన్ని ముట్టనని చెప్పి, బయటికి పోయి గేటు పక్కన నేల మీద కూర్చున్నాడు. చెల్లెమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత అందరూ. పాత డీజిలు బండ్లు మాత్రం ఎప్పటిలా తీస్తామని, జనానికి ఇబ్బంది పెట్టమని మేనేజరుకు చెప్పి పంపారు. ఆ ముక్క టీవీలో రాలేదు. పొద్దువాలే లోపల టీవీ అమ్మాయి గేటు ముందు మైకు పట్టుకుని నిలబడింది: స్వచ్ఛమైన గాలికి డ్రైవర్లే అడ్డుపుల్ల వేస్తున్నారా?

మర్నాడు పొద్దున్నే మెత్తకాలు ఆసుపత్రికి పోయాడు. ఆయన కంటే ముందే కబురు అందింది. కొట్టు సంగతి ఇప్పట్లో మాట్లాడలేమని కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. అక్క ఈసారి స్టూలు జరపలేదు. మొహం కూడా తిప్పలేదు.

"కాలు పోయినప్పుడు నీకు తెలియక చేశావు," అన్నాడు బావ. "కొట్టును తెలిసే తీశావు."

"తెలిసే."

"ఎందుకు బావా?"

మెత్తకాలు మంచం పట్టీ మీద కూర్చున్నాడు. ట్రైనరు అన్నమాట, అన్నది అన్నట్టు, ఆ నవ్వుతో సహా చెప్పాడు. లెక్కలో ఉన్నదే, మామూలే. బావ పెదవులు ఆ మాటలను చప్పుడు లేకుండా మళ్ళీ అనుకున్నాయి. అక్క ఇటు తిరిగింది.

"ముందే తెలుసా వాళ్ళకి?"

"తెలుసు."

"నా పేరు తెలియదు గానీ, ఒకడు పడతాడని తెలుసు."

"అవును బావా."

"తెలిసి నా జుట్టు దువ్వారా?" అన్నాడు బావ.

 పక్కమంచం రోగి లేచి కూర్చున్నాడు. బావ చేతులు దుప్పటి మీద అటూఇటూ తడిమి, చదునైన చోట ఆగాయి. ఆ చోటును ఆయన ముట్టుకోవడం అదే మొదటిసారని అక్క ఊపిరి బిగబట్టడంలో తెలిసిపోయింది.

"అక్కా, ఈ దుప్పటి తీసెయ్."

ఇప్పుడెందుకురా, గాలి తగులుతుంది అంది ఆమె.

"తగలనీ. బావా, ఆ టీవీ పిల్లకు ఫోన్ చెయ్యి. నాకు ఏమీ వినపడలేదని చెప్పాను, నిజమే. మిగతా సగం కూడా తీసుకోమను."

మెత్తకాలు ఫోన్ చేశాడు. అవతల ఆమె గొంతు మర్యాదగానే ఉంది. ఆ స్టోరీ అయిపోయింది అంకుల్ అంది. గేటు దగ్గర గొడవేమన్నా అయ్యేలా ఉంటే చెప్పండి, మా కెమెరాలు అక్కడే ఉన్నాయి అంది. ఆయన ఫోన్ దించి, రాదట, గేటు దగ్గరే ఉంటుందట అన్నాడు.

"అయితే ఆమె రావడం దేనికి? మనమే పోదాం."

డాక్టరు చంపేస్తాడురా అంది అక్క. సగం చంపారుగా, మిగతా సగానికి ఆయన తొందరపడడులే అన్నాడు బావ. మెత్తకాలు ఆయన వీపు కింద చెయ్యేసి లేపి కూర్చోబెట్టాడు. నొప్పికి బావ మొహం పాలిపోయింది, పళ్ళు బిగించి మంచం పట్టీ పట్టుకున్నాడు. అక్క ఆ ఇద్దరినీ కాసేపు చూసింది. కొట్టు కోసం ఏడవాలో, వీళ్ళను తిట్టాలో తేల్చుకోలేనట్టు నిలబడింది. తర్వాత దుప్పటి లాగి, అలవాటైన చేతులతో మూలకు మూల కలిపి మడిచి తలగడ మీద పెట్టి, చక్రాల కుర్చీ ఎక్కడుందో చూడటానికి వరండాలోకి పోయింది.